విమానం దిగేటప్పుడు పాపాయి ఎందుకు ఏడుస్తుంది?

హైదరాబాదులో ఎక్కి, దోహాలోనో దుబాయిలోనో మారి అమెరికా దాకా వెళ్ళే విమానాల్లో మన పసిపిల్లలు చాలామందే కనిపిస్తారు. మనవణ్ణి తాతయ్యకు చూపించడానికి తెచ్చేవాళ్ళు కొందరు, అమ్మమ్మగారింట్లో అన్నప్రాశన చేయించుకుని తిరిగి వెళ్ళేవాళ్ళు కొందరు. దారంతా బుద్ధిగా నిద్రపోయిన పాపాయి, ఇంకో అరగంటలో దిగుతామనగా గుక్కపట్టి ఏడుపు అందుకుంటుంది. తల్లి డైపర్ విప్పి చూస్తుంది, పొట్ట నొక్కి చూస్తుంది. దిష్టేమో అంటారు పక్కనున్న పెద్దావిడ. ఆ ఏడుపుకు కారణం చాలాసార్లు చెవిలో ఉంటుందమ్మా. అదేమిటో తెలుసుకుంటే పాపాయికి ఆ బాధ చాలావరకు తప్పించవచ్చు.

విమానం 35,000 అడుగుల ఎత్తున పోతున్నప్పుడు బయట గాలి ఒత్తిడి నేల మీద ఉన్నదాంట్లో పావు వంతు కూడా ఉండదు. ఆ గాలితో మనిషి బతకలేడు. అందుకని బయటి గాలిని యంత్రాలతో కుదించి లోపలికి పంపిస్తారు. అయినా నేల మీద ఉన్నంత ఒత్తిడి పెట్టరు. అంత పెట్టాలంటే విమానం ఒళ్ళు ఇంకా దిట్టంగా, ఇంకా బరువుగా కట్టాలి. కాబట్టి 6,000 నుంచి 8,000 అడుగుల కొండ మీద ఎంత ఒత్తిడి ఉంటుందో అంత ఉంచుతారు. ఊటీ ఎత్తు 7,300 అడుగుల పైచిలుకు. అంటే గాలి లెక్కన చూస్తే విమానంలో మనం ఊటీలో కూర్చున్నట్టే. తిరుమల ఘాట్ రోడ్డు దిగేటప్పుడే మనకు చెవులు దిబ్బళ్ళు వేస్తాయి కదా! తిరుమల ఎత్తు ఊటీలో సగం కూడా లేదు. అంతకు రెట్టింపు ఎత్తు నుంచి అరగంటలోపు కిందికి వచ్చేస్తోంది మన పాపాయి.

ఈసారి విమానం ఎక్కినప్పుడు ఒక పని చేసి చూడండి. పైన ఎగురుతుండగా లీటరు నీళ్ళ సీసా ఖాళీ చేసి, మూత గట్టిగా బిగించి, ముందున్న సంచిలో పెట్టండి. దిగాక తీసి చూస్తే సీసా పక్కలు లోపలికి సొట్టపోయి ఉంటాయి. ఎవరూ నొక్కలేదు. సీసాలో మీరు బంధించింది పలచని గాలి. కిందికి వస్తున్నకొద్దీ బయటి గాలి చిక్కబడి దాన్ని లోపలికి తోసింది. పైన 8,000 అడుగుల ఒత్తిడి ఉండి ఉంటే, లీటరు గాలి ముప్పావు లీటరుకు కుదించుకుపోతుంది. మూత తిప్పగానే సుయ్యిమని గాలి లోపలికి పోయి, సీసా మళ్ళీ నిండుగా లేస్తుంది.

మన మధ్యచెవి కూడా మూత బిగించిన అలాంటి చిన్న సీసాయే. బయటి వైపు కర్ణభేరి అనే పలచని పొర ఉంటుంది. దాని వెనక గాలి నిండిన చిన్న గది, అందులో మూడు బుల్లి ఎముకలు. ఆ గది నుంచి ముక్కు వెనక భాగానికి ఒక సన్నని గొట్టం వెళుతుంది. 16వ శతాబ్దంలో దాన్ని వివరంగా వర్ణించిన ఇటలీ శరీరశాస్త్రవేత్త యూస్టేషి పేరు మీద దాన్ని యూస్టేషియన్ నాళం అంటారు. మామూలుగా అది మూసుకునే ఉంటుంది. గుటక వేసినప్పుడు, ఆవలించినప్పుడు అంగిట్లో ఉన్న ఒక కండరం లాగడంతో క్షణంపాటు తెరుచుకుంటుంది. చెవిలో టప్‌మని వినిపించే చిన్న శబ్దం అదే. అప్పుడే గాలి అటూ ఇటూ సర్దుకుంటుంది.

విమానం పైకి లేచేటప్పుడు మధ్యచెవిలో గాలి వ్యాకోచించి, తనంతట తనే ఆ నాళాన్ని తోసుకుని ముక్కులోకి వచ్చేస్తుంది. అందుకే ఎక్కేటప్పుడు పిల్లలు అంతగా బాధపడరు. దిగేటప్పుడు కథ తిరగబడుతుంది. గాలి బయటి నుంచి లోపలికి పోవాలి. ముక్కు వైపు చివర మెత్తగా ఉండే నాళం గోడల్ని బయటి గాలి ఒత్తిడే ఇంకా దగ్గరికి నొక్కేస్తుంది. ఎవరో ఒకరు తెరవాలి, తెరిచేది గుటకే. గుటక లేకపోతే కర్ణభేరి లోపలికి గుంజుకుపోయి సలుపుతుంది.

పసిపిల్లలకు ఇది మరీ కష్టం. పెద్దవాళ్ళలో ఈ నాళం మూడున్నర సెంటీమీటర్ల పొడవుండి, ఏటవాలుగా దిగుతుంది. పసిబిడ్డలో అందులో సగమే ఉండి, దాదాపు అడ్డంగా పడుకుని ఉంటుంది. తెరిచే కండరానికీ ఇంకా పట్టు చిక్కి ఉండదు. పైగా నిద్రలో గుటకలు బాగా తగ్గిపోతాయి. విమానం దిగుతున్నంతసేపూ నిద్రపోతున్న పాపాయి చెవులు మూసుకునే ఉంటాయి. నొప్పి ముదిరాక పాపాయి తుళ్ళిపడి లేస్తుంది.

ఈ బాధ మనిషి గాలిలోకి లేచిన తొలి ఏడాదిలోనే పరిచయమైంది. ఇంటర్ సైన్సు పిల్లలు చదివే చార్లెస్ నియమం ఉంది చూడండి, ఆ చార్లెస్ 1783 డిసెంబరు 1న పారిస్ నుంచి హైడ్రోజన్ బెలూన్‌లో ఎగిరాడు. తోటివాణ్ణి దింపేసి, ఒంటరిగా రెండోసారి దాదాపు మూడు కిలోమీటర్ల ఎత్తుకు వెళ్ళాడు. అక్కడ కుడిచెవిలో తీవ్రమైన నొప్పి పుట్టింది. ఆయన మళ్ళీ జీవితంలో బెలూన్ ఎక్కలేదు. వాయువుల వ్యాకోచం గురించి అంత తెలిసిన పెద్దమనిషే తట్టుకోలేకపోయాడంటే, నోరులేని పాపాయి ఏడవడంలో వింతేముంది?

ఇక చేయాల్సిన పని చెబుతాను. విమానం దిగడం మొదలుపెట్టగానే పాపాయిని లేపండి. నిద్ర చెడుతుందని జాలిపడకండి. తల్లిపాలో సీసా పాలో ఆ సమయానికి దాచి ఉంచి, తల కాస్త ఎత్తిపట్టి నెమ్మదిగా పట్టించండి. ఎక్కగానే కడుపునిండా తాగేస్తే దిగేటప్పుడు నోరు తెరవదు కాబట్టి వేళ చూసుకోవాలి. డబ్బాపాలు కలిపేవాళ్ళు ఒక సంగతి గుర్తుంచుకోండి: దిగే ముందు ట్రేలు మూసేయమంటారు, ఆ తర్వాత కలపడానికి చోటుండదు. కొన్ని నిమిషాల ముందే కలిపి పక్కన పెట్టుకోండి. భద్రతా తనిఖీ దగ్గర చాలాచోట్ల ద్రవాలకు 100 మిల్లీలీటర్ల హద్దు ఉన్నా, చంటిబిడ్డ పాలకు మినహాయింపు ఉంది. పాలు వద్దంటే పాలపీక చప్పరించినా గుటకలు పడతాయి. రెండు మూడేళ్ళవాళ్ళకైతే స్ట్రాతో నీళ్ళు తాగించండి, మీరు ఆవలించి వాళ్ళ చేత ఆవలింపజేయండి. ముక్కు మూసుకుని గాలి ఊదే పద్ధతి పెద్దవాళ్ళది. బబుల్‌గమ్, గట్టి చాక్లెట్లు చిన్నపిల్లలకు ఇవ్వవద్దు, గొంతుకు అడ్డం పడతాయి.

చేయకూడనివీ ఉన్నాయి. నిద్రపుచ్చడానికని జలుబు సిరప్ పట్టించడం చాలా తప్పు. మోతాదు తప్పితే ప్రమాదం, కొందరు పిల్లలు దాంతో నిద్రపోకపోగా ఇంకా చెలరేగిపోతారు. చెవిలో నూనె చుక్కలు, దూది పనిచేయవు, ఎందుకంటే చిక్కు కర్ణభేరికి అవతల ఉంది. ఏడాది నిండని బిడ్డకు పాలపీక మీద తేనె రాయడం మన ఇళ్ళలో అలవాటు, దయచేసి మానండి. తేనెలో ఉండగల ఒక సూక్ష్మజీవి ఆ వయసు పిల్లల పేగుల్లో పెరిగి విషం పుట్టిస్తుంది.

జలుబు గట్టిగా ఉన్నా, చెవిలో చీము ఉన్నా ప్రయాణానికి ముందు డాక్టరుకు చూపించాలి, ఎందుకంటే వాచిన నాళం గుటకకు కూడా లొంగదు. నెలలు నిండకుండా పుట్టిన పిల్లలు, గుండె, ఊపిరితిత్తుల ఇబ్బంది ఉన్నవాళ్ళ విషయంలోనూ అంతే. విమానం లోపల గాలి పలచన కాబట్టి వాళ్ళకు ఆక్సిజన్ చాలకపోవచ్చు. ఆరోగ్యంగా ఉన్న బిడ్డకు ఆ భయం లేదు. తేమ మాత్రం చాలా తక్కువ, తరచు 20 శాతం లోపే. మధ్యమధ్య పాలు పడుతూ ఉండండి. ఒళ్ళో బిడ్డకు చాలా విమానాల్లో వేరే బెల్టు ఇస్తారు, అది మీ బెల్టుకు తగిలించాలి. మీ బెల్టు లోపలే బిడ్డను ఇరికించవద్దు, కుదుపు వస్తే మీ బరువంతా బిడ్డ మీద పడుతుంది.

ఇన్ని చేసినా పాపాయి ఏడిస్తే తల్లి సిగ్గుపడాల్సిన పని లేదు. ఏడుస్తూ మింగే గుటకలు కూడా ఆ నాళాన్ని తెరుస్తాయి. పక్క సీట్లలో ఉన్న అయ్యలకూ అమ్మలకూ ఒక మాట: ట్రే మూసేశాక ఆ తల్లికి రెండు చేతులూ చాలవు. కలిపిన పాలసీసా కాసేపు మీరు పట్టుకోండి.