ఫుల్ అంటున్న ముల్లును నమ్మొచ్చా?

సెకండ్ హ్యాండ్ మోటారు పడవ కొనేటప్పుడు అందరూ ఇంజను మోత వింటారు, అడుగున చెక్క పుచ్చిందేమో తట్టి చూస్తారు, ట్రైలరు టైర్లు నొక్కి చూస్తారు. పెట్రోలు మీటరు వంక చూసేవాళ్లు తక్కువ. అమ్మేవాడు కూడా ‘అది పనిచేయదులెండి’ అని తేలిగ్గా తీసేస్తాడు. తీరా ఒడ్డుకు ఐదారు మైళ్ల దూరంలో, ముల్లు సగం దగ్గర నిలబడి ఉండగానే ఇంజను రెండుసార్లు దగ్గి ఆగిపోయినప్పుడు ఆ మీటరు విలువ తెలిసొస్తుంది. రోడ్డు మీదైతే బండి పక్కకు తీసి, డబ్బా పట్టుకుని బంకు దాకా నడవొచ్చు. నీటి మీద ఆ వీలు లేదు. గాలి ఎటు తోస్తే పడవ అటు పోతుంది. లంగరు అందేంత లోతులో ఉంటే అదృష్టమే.

1980ల్లో, 90ల్లో తయారైన ఫైబర్ గ్లాస్ పడవలు అమెరికా సరస్సుల మీద ఇప్పటికీ తిరుగుతున్నాయి. తెలుగు కుటుంబాలు బాగా స్థిరపడ్డ అట్లాంటాకు దగ్గర్లోని లేనియర్ సరస్సు లాంటి చోట వేసవి వారాంతాల్లో చూస్తే, ఇలాంటి పాత పడవలు కొత్తవాటి పక్కనే కనిపిస్తాయి. వీటిలో మీటరు తప్పు చూపడానికి కారణాలు నాలుగైదే. వరసగా వెతికితే గంటా రెండు గంటల్లో ఏదో ఒకటి దొరికిపోతుంది. వరస లేకుండా చేయి పెడితే మాత్రం ముందు కొత్త మీటరు, తర్వాత కొత్త వైర్లు, ఆ తర్వాత ట్యాంకు దాకా వెళ్లి, చివరికి తప్పంతా ఒక నల్ల వైరు కొసన పట్టిన చిలుములో ఉందని తేలుతుంది.

ట్యాంకులో ఎంత ఉందో మీటరుకు నేరుగా తెలియదు. తెలిసేది ట్యాంకు పైభాగాన స్క్రూలతో బిగించిన సెండర్‌కు. సెండర్ నుంచి ట్యాంకులోకి ఒక కడ్డీ దిగుతుంది. దానికి కదిలే చేయి, చేయి చివర ఫ్లోటు ఉంటాయి. పెట్రోలు మట్టంతోపాటు ఫ్లోటు లేస్తుంది, దిగుతుంది. చేయి కదిలినప్పుడల్లా సన్నని నిరోధపు తీగ మీద ఒక రేకు జారుతుంది. పెట్రోలు మట్టం అక్కడ ఓమ్‌ల లెక్కలోకి మారిపోతుంది. అమెరికా పడవల్లో చాలాకాలంగా వాడుకలో ఉన్న లెక్క ప్రకారం ఖాళీ ట్యాంకుకు 240 ఓమ్‌లు, నిండు ట్యాంకుకు 33. సగానికి దాదాపు 103.

డ్యాష్‌బోర్డులోని మీటరు ఈ ఓమ్‌లనే చదువుతుంది. దాని లోపల తీగ చుట్టలు ఉంటాయి. వాటి అయస్కాంత బలాలు ముల్లును తలో వైపు లాగుతాయి. సెండర్ నిరోధం మారితే ఏ చుట్ట బలం పెరుగుతుందో ముల్లు అటు తిరుగుతుంది. బ్యాటరీ వోల్టేజి కాస్త పెరిగినా తగ్గినా అన్ని చుట్టల మీదా ఒకేలా పడుతుంది కాబట్టి ముల్లు పెద్దగా చలించదు. మన బైకుల్లో, కార్లలో ముల్లు మీటర్లు కూడా చాలావరకు ఈ సూత్రం మీదే నడిచాయి, ఓమ్‌ల అంకెలే వేరు. అసలు మీటరే లేని బైకులు నడిపిన తరానికి ట్యాంకు మూత తీసి బండిని అటూ ఇటూ ఊపి చూడటం, ఇంజను ఆగగానే రిజర్వుకు తిప్పడం గుర్తుండే ఉంటుంది. పడవలో ఆ చిట్కాలు సాగవు. ట్యాంకు చాలా పడవల్లో నేల పలకల కింద ఉంటుంది, రిజర్వు ఉండదు.

వెతుకులాట మొదలుపెట్టే ముందు ముల్లు ఏం చేస్తోందో గమనిస్తే సగం పని తగ్గుతుంది. ట్యాంకు నింపినా ముల్లు ఖాళీ దగ్గరే పడుకుంటే కరెంటు దారి ఎక్కడో తెగింది, లేదా ఫ్లోటు మునిగింది. ట్యాంకు తగ్గుతున్నా ఫుల్ దగ్గరే బిగుసుకుంటే సెండర్ వైరు ఎక్కడో ఒరుసుకుని ఎర్త్‌కు తగులుతోంది, లేదా సెండర్ చేయి పైన ఇరుక్కుంది. కొంత మట్టం దగ్గర మాత్రమే ముల్లు గంతులు వేస్తే నిరోధపు తీగ ఆ చోట అరిగింది. ఎప్పుడూ ఉన్నదానికన్నా తక్కువే చూపిస్తుంటే ఏదో జాయింటులో తుప్పు చేరి అదనపు నిరోధం కలుస్తోంది. నింపితే ఖాళీ, ఖాళీ అయితే ఫుల్ అంటుంటే మాత్రం ఎవరో తప్పు సెండర్ బిగించారు. దాని సంగతి తర్వాత.

పరీక్ష ఎప్పుడూ మీటరు వైపు నుంచే మొదలవ్వాలి. ట్యాంకుకు దూరంగా ఉంటుంది కాబట్టి అది సురక్షితం కూడా. అయినా ముందు ఇంజను గది మూత తెరిచి వాసన చూడటం తప్పనిసరి. పెట్రోలు ఆవిరి గాలికన్నా బరువు. లీకయితే పైకి పోకుండా పడవ అడుగున పేరుకుంటుంది, చిన్న నిప్పురవ్వ చాలు. గది లోపల ఇంజను ఉన్న పెట్రోలు పడవల్లో ఆవిరిని బయటికి తోసే బ్లోయర్ ఫ్యాను ఉంటుంది. ఇంజను స్టార్ట్ చేసే ముందు 4 నిమిషాలు దాన్ని తిప్పాలని స్విచ్చు పక్కనే హెచ్చరిక అంటించి ఉంటుంది. మీటరు విప్పేవాళ్లకూ అదే నియమం. వాసన తగిలితే ఆ పూట మీటరు జోలికి వెళ్లకుండా లీకు సంగతి చూసుకోవాలి.

మీటరు వెనక మూడు ముఖ్యమైన బోల్టులు ఉంటాయి. ‘ఐ’ అని రాసినది ఇగ్నిషన్ కీ నుంచి వచ్చే కరెంటుకు, ‘ఎస్’ సెండర్ వైరుకు, ‘జి’ ఎర్త్‌కు. అమెరికా పడవల్లో వైర్ల రంగులకు ఒక పద్ధతి ఉంది. పెట్రోలు సెండర్‌ది గులాబి, ఇగ్నిషన్‌ది ఊదా, ఎర్త్‌ది నలుపు లేదా పసుపు. పాత పడవలో మధ్యలో ఎవరెవరు ఏ వైరు కలిపారో చెప్పలేం కాబట్టి రంగును నమ్మి ఊరుకోకుండా మల్టీమీటరుతో చూసుకోవాలి.

కీ ఆన్ చేసి, ‘ఎస్’ బోల్టు మీది గులాబి వైరు విప్పాలి. ముల్లు ఖాళీ వైపు పడిపోవాలి. తర్వాత చిన్న వైరు ముక్కతో ‘ఎస్’నూ ‘జి’నీ క్షణం కలపాలి. ముల్లు ఫుల్ వైపు లేవాలి. రెండూ జరిగితే మీటరు ఆరోగ్యంగా ఉన్నట్టే, కొత్తది కొనక్కర్లేదు. ముల్లు కదలకపోతే ‘ఐ’కీ ‘జి’కీ మధ్య 12 వోల్టులు వస్తున్నాయా అని చూడాలి. రాకపోతే మల్టీమీటరు నల్ల తీగను ‘జి’ నుంచి తీసి బ్యాటరీ నెగెటివ్‌కు తగిలించాలి. ఇప్పుడు 12 వచ్చిందంటే కరెంటు వస్తోంది, ఎర్త్ పోయింది. అప్పటికీ రాకపోతే ఫ్యూజు, కీ స్విచ్చు వైపు వెళ్లాలి. 12 వస్తున్నా ముల్లు కదలకపోతేనే మీటరు మార్చాలి.

మీటరు బాగుందని తేలితే కీ ఆఫ్ చేసి, విప్పిన గులాబి వైరుకూ ఎర్త్‌కూ మధ్య ఓమ్‌లు కొలవాలి. డ్యాష్‌బోర్డు దగ్గరే కూర్చుని ట్యాంకు దాకా ఉన్న దారినంతా ఒక్క అంకెలో చూసే కొలత ఇది. ఉదాహరణకు ట్యాంకు సగం ఉందని తెలుసు, ఇక్కడ 150 ఓమ్‌లు వచ్చాయి అనుకుందాం. ఇప్పుడు బ్యాటరీ విప్పేసి, నేల మీది చిన్న మూత తెరిచి, సెండర్ నెత్తిన ఉన్న వైరు తీసి, దాని నడిమి బోల్టుకూ అంచుకూ మధ్య కొలిస్తే 103 వచ్చింది. సెండర్ సరిగ్గానే చెబుతోంది. మిగిలిన 47 ఓమ్‌లు ఆ పదిహేను అడుగుల వైరులో, దాని రెండు కొసల్లో, ఎర్త్ తీగలో ఎక్కడో కూర్చున్నాయి. మంచి వైరు పదిహేను అడుగులకు ఒక ఓమ్ కూడా ఉండదు. కొసలు కత్తిరించి లోపలికి చూస్తే రాగి తళుకు పోయి నల్లగానో పచ్చగానో కనిపిస్తుంది. మెరిసే రాగి తగిలేదాకా కోసి, కొత్త లగ్గు క్రింప్ చేసి, తేమ చొరకుండా జిగురున్న ష్రింక్ స్లీవ్ తొడిగితే ముల్లు మళ్లీ సగానికి వస్తుంది.

కొత్త సెండర్లు కొని బిగించాక కూడా మీటరు మారలేదని తల పట్టుకునేవాళ్లలో చాలామంది తప్పిపోయేది ఈ ఎర్త్ దగ్గరే. ట్యాంకు అల్యూమినియందైనా ప్లాస్టిక్‌దైనా సెండర్‌కు ఎర్త్ తీగ కావాలి. ప్లాస్టిక్ ట్యాంకులో అయితే దానికి వేరే దారే లేదు.

డ్యాష్‌బోర్డు దగ్గరా, సెండర్ దగ్గరా ఒకే తప్పుడు అంకె వస్తే దోషం సెండర్‌దే. దాన్ని బయటికి తీయడం ట్యాంకు నోరు తెరవడమే కాబట్టి ఆరుబయట, బ్యాటరీ విప్పి, ట్యాంకులో పెట్రోలు తగ్గించాక చేయాల్సిన పని. చాలా సెండర్లు ఐదు స్క్రూల మీద నిలుస్తాయి. ఆ ఐదు రంధ్రాలూ సమాన దూరంలో ఉండవు, సెండర్ ఒక్క దిశలోనే కూర్చోవాలని అలా పెట్టారు. బయటికి తీసిన సెండర్ చేతిని కింది నుంచి పైకి మెల్లగా లేపుతూ ఓమ్‌లు చూస్తే 240 నుంచి 33 దాకా అంకె సాఫీగా దిగాలి. మధ్యలో ఒక్కసారిగా ఎగిరినా, మాయమైనా తీగ అరిగిందని అర్థం. ఫ్లోటును ఊపి చూడాలి, లోపల పెట్రోలు చప్పుడైతే అది ఇక తేలదు. మరీ పాత పడవల్లో ఫ్లోటు బెరడు ముక్కతో చేసి లక్క పూత వేసేవారు. అమెరికాలో పెట్రోలులో 10 శాతం ఇథనాల్ కలపడం మామూలయ్యాక ఆ పూతను ఆల్కహాలు కరిగించడం మొదలైంది. పూత పోయిన బెరడు పెట్రోలు పీల్చి మునుగుతుంది, ట్యాంకు నిండా ఉన్నా ముల్లు ఖాళీ అంటుంది.

ఇప్పుడు చేయి లేని సెండర్లు కూడా దొరుకుతున్నాయి. నిలువు గొట్టం లోపల వరసగా రీడ్ స్విచ్చులు, గొట్టం చుట్టూ అయస్కాంతం ఉన్న ఉంగరం లాంటి ఫ్లోటు ఉంటాయి. ఫ్లోటు ఏ స్విచ్చు పక్కకు వస్తే అది మూసుకుంటుంది. అందుకే వీటి ముల్లు మెట్లు మెట్లుగా కదులుతుంది, అది లోపం కాదు. ఏ రకమైనా ట్యాంకు లోతు కొలిచి, ఆ లోతుకు సరిపోయేదే తీసుకోవాలి. చేయి ఉన్నదైతే ట్యాంకులోని అడ్డపలకలకు అది తగలకూడదు.

లోతు కన్నా ముఖ్యం ఓమ్‌ల జత. యూరప్‌లో బాగా వాడే ఒక ప్రమాణం అమెరికాదానికి తలకిందులు. అక్కడ ఖాళీకి 10, నిండుకు 180 ఓమ్‌లు. ఆ సెండర్‌ను అమెరికా మీటరుకు కలిపితే ఖాళీ ట్యాంకును ఫుల్ అని చూపిస్తుంది. రెండు వస్తువులూ కొత్తవే, రెండూ బాగానే పనిచేస్తున్నాయి, ముల్లు మాత్రం తప్పు. విమానాల్లో ఇలాంటి పొరపాటు ప్రాణాలు తీసింది. 2005 ఆగస్టు 6న ట్యునీషియాకు చెందిన ట్యునింటర్ ఏటీఆర్ 72 విమానం ఇటలీలోని బారి నుంచి జెర్బా వెళ్తుండగా ఇంధనం అయిపోయి సిసిలీ తీరం దగ్గర సముద్రంలో దిగింది. 39 మందిలో 16 మంది చనిపోయారు. అంతకు ముందురోజే అందులో మార్చిన ఇంధన మీటరు దానికన్నా చిన్నదైన ఏటీఆర్ 42 రకానికి చెందినది. చూడటానికి తేడా లేదు. లెక్క వేరు కావడంతో ట్యాంకుల్లో ఉన్నదానికన్నా ఎక్కువ చూపించింది.

మీటరు బాగయ్యేదాకా పాత పద్ధతే దిక్కు, పుల్ల పెట్టి చూడటం. ఫోర్డ్ మోడల్ టీ కారు నడిపినవాళ్లు సీటు ఎత్తి దాని కింది ట్యాంకులో కొలత కర్ర దించి చూసుకునేవారు. ట్యాంకు మూత దారి నిటారుగా ఉన్న పడవల్లో ఇప్పటికీ అది చెల్లుతుంది. అయితే పుల్ల సరిగ్గా చెప్పినా లెక్క తప్పొచ్చు. 1983 జులై 23న ఎయిర్ కెనడా బోయింగ్ 767 విమానంలో ఇంధన మీటర్లు పనిచేయక సిబ్బంది ట్యాంకుల్లో మట్టం కొలిచి లెక్క కట్టారు. లీటర్లను కిలోల్లోకి మార్చాల్సిన చోట పౌండ్ల గుణకం వాడారు. కావాల్సిన 22,300 కిలోల బదులు అన్ని పౌండ్లే, అంటే సగం కన్నా తక్కువ ఇంధనంతో విమానం లేచింది. 41,000 అడుగుల ఎత్తున ఇంజన్లు ఆగిపోయాయి. కెప్టెన్ బాబ్ పియర్సన్ దాన్ని గాలిలో జార్చుకుంటూ తెచ్చి గిమ్లీ అనే పాత వైమానిక స్థావరంలో దించారు. విమానంలోని 69 మందీ బతికారు. పడవ ట్యాంకులకూ ఈ చిక్కు ఉంది. అమెరికా గ్యాలను 3.785 లీటర్లు, బ్రిటిష్ గ్యాలను 4.546. కెనడా నుంచి వచ్చిన పాత పడవ ట్యాంకు మీద గ్యాలన్లు అని ఉంటే అవి ఏ గ్యాలన్లో చూసుకోవాలి.

అంతా బాగుచేశాక కూడా ముల్లు చూపే సగం ట్యాంకులో సగం కాకపోవచ్చు. పడవ అడుగుకు తగ్గట్టు చాలా ట్యాంకులు కింద సన్నగా, పైన వెడల్పుగా ఉంటాయి. మట్టం నడిమికి దిగేసరికే సగానికి మించి ఖర్చయి ఉంటుంది. పడవ వేగం అందుకుని ముక్కు లేచినప్పుడు పెట్రోలు వెనక్కి జరిగి అంకె మరీ మారిపోతుంది, కాబట్టి నిలిపి ఉన్నప్పుడే చూడాలి. పూర్తి వేగంలో ఇంజను ప్రతి 10 హార్స్‌పవర్‌కు గంటకు సుమారు ఒక గ్యాలను తాగుతుందని పడవవాళ్ల లెక్క. 150 హార్స్‌పవర్ ఇంజనైతే గంటకు 15 గ్యాలన్లు. 40 గ్యాలన్ల ట్యాంకులో ముల్లు పావువంతు తప్పు చూపిస్తే 40 నిమిషాల ప్రయాణం లెక్కలోంచి జారిపోయినట్టే. వెళ్లడానికి మూడోవంతు, రావడానికి మూడోవంతు, మిగతాది చేతిలో అన్న నియమాన్ని పడవవాళ్లు పాటించేది ఇందుకే.

బాగుచేసిన మీటరును సరిచూసుకోవడానికి దాదాపు ఖాళీ ట్యాంకుతో, పడవను సమంగా నిలిపి, బంకులో ఐదేసి గ్యాలన్ల చొప్పున పోయిస్తూ ప్రతిసారీ ముల్లు ఎక్కడ ఆగిందో రాసుకుంటే చాలు. ట్రైలరు మీదున్న పడవకు ఇది పావుగంట పని. ఆ కాగితాన్ని మీటరు పక్కనే అంటించుకుంటే, ఆ ట్యాంకులో పావు అంటే ఎన్ని గ్యాలన్లో, ఖాళీ గీత తాకాక ఇంకా ఎంత మిగులుతుందో ఎవరు నడిపినా తెలుస్తుంది.