గాయపు కుట్లు – చీము పట్టకుండ జాగ్రత్త

రాయచోటి ప్రాంతమున మేతకు పోవు గొఱ్ఱెలు, మేకలు ముళ్లతీగెలు కోసికొని లోతుగా గాయపడుట కలదు. అట్టి గాయమును పశువైద్యుడు కుట్టును. దారపు పేటలనడుమ సూక్ష్మజీవులు చేరినచో కుట్టు చీముపట్టును.

1860 దశకమున లిస్టర్ అను ఆంగ్ల వైద్యుడు, గొఱ్ఱె మొదలగు పశువుల ప్రేగులతో చేసిన దారమును కార్బాలిక్ ఆమ్లముతో శుద్ధిచేసి వాడెను. నేడు ట్రైక్లోసాన్ అను మందు పూసిన దారములు కలవు. దారమునంటి సూక్ష్మజీవులు పెరుగకుండ ఈ మందు అడ్డును. మనుష్యుల శస్త్రచికిత్సలలో వీనిని వాడవచ్చునని 2016లో ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచించినది.

కాని ఏ దారమును మురికిగాయమును బాగుచేయజాలదు. కావున రైతులు గాయమును మంచినీటితో కడిగి, శుభ్రమైన గుడ్డ కప్పి, ఆలస్యము చేయక జీవమును పశువైద్యశాలకు చేర్చవలెను. పేడ, బూడిద పూయరాదు. కుట్టినపిమ్మట ఈగలు వాలనీయరాదు. వాపు గాని, దుర్వాసన గాని ఉన్నచో వెంటనే వైద్యునికి చూపవలెను.