ముఖాలు చెప్పినంత కథ చెప్పలేదు

'రక్త చరిత్ర'లో నటన ఎందుకు గుర్తుండిపోయింది, కథనం ఎందుకు చేజారింది?

రాయలసీమ ఫ్యాక్షన్ మీద తెలుగులో సినిమాలకు కొదవలేదు. సుమోలు గాల్లోకి లేవడం, హీరో తొడగొట్టడం, ఊరు ఊరంతా చేతులు జోడించడం చాలాకాలం ఒక వరసగా సాగింది. ఆ వరస తప్పి, చంపడాన్ని చంపడంలాగే చూపించిన సినిమా రాంగోపాల్ వర్మ 'రక్త చరిత్ర'. పరిటాల రవి, మద్దెలచెరువు సూరి కుటుంబాల పగను ఆధారం చేసుకుని, పేర్లు మార్చి తీసిన ఈ సినిమా మొదటి భాగం 2010 అక్టోబరులో, రెండోది డిసెంబరులో విడుదలయ్యాయి. ఇవాళ చూసినా నటన కట్టిపడేస్తుంది, కథనం పట్టు సడలుతుంది. నటనకు ఇన్ని మార్కులు, కథకు ఇన్ని మార్కులని వేరువేరుగా లెక్కగట్టి వదిలేయడం మనకు అలవాటు. ఇక్కడ ఆ లెక్క కుదరదు. కథ చెప్పకుండా వదిలేసిన చోట్లనే నటులు తమ ముఖాలతో పూడ్చారు. అందుకే నటన ఎంత బలంగా ఉందో, కథలోని ఖాళీ అంత స్పష్టంగా బయటపడింది.

బుక్కారెడ్డిగా అభిమన్యు సింగ్‌ను చూస్తే ఒళ్లు జలదరించేది అతని అరుపులకు కాదు, మరుక్షణం ఏం చేస్తాడో అంతుపట్టకపోవడానికి. కోట శ్రీనివాసరావు చేసిన నాగమణిరెడ్డి కత్తి పట్టకుండానే, చెవిలో వేసిన మాటతో రెండు కుటుంబాలను విడదీస్తాడు. ప్రతాప్ రవిగా వివేక్ ఒబెరాయ్ చదువుకునే కుర్రాడిగా మొదలై, తండ్రి హత్య తర్వాత చూపులోనే వయసు మీదపడినవాడిలా మారతాడు. రెండో భాగంలో సూర్యనారాయణరెడ్డిగా వచ్చిన తమిళ నటుడు సూర్య మాటలు పొదుపుగా వాడతాడు. టీవీలో పెట్టిన బాంబుకు కుటుంబాన్ని పోగొట్టుకున్నవాడి దుఃఖాన్ని పళ్ల బిగువున దాచుకుంటాడు.

ఈ స్థాయి నటులు దొరికాక కథ వాళ్లకేమిచ్చింది? మొదటి భాగం తొలి సగం బాగా ఇచ్చింది. అనుమానం వెలివేతకు, వెలివేత హత్యకు, హత్య పగకు దారితీయడం ఒకదాని వెంట ఒకటి బిగువుగా నడుస్తాయి. కథలోని రాజకీయ నాయకుడు శివాజీరావు పార్టీ రంగంలోకి దిగాక ఆ బిగువు పోయింది. పగతో రగిలే కుర్రాడు మంత్రి కావడం వెనక ఎన్ని బేరాలు, ఎన్ని రాజీలు ఉంటాయి! వాటిని సన్నివేశాలుగా మలచకుండా తెర వెనక గొంతు గబగబా చెప్పేస్తుంది. అంతకన్నా పెద్ద లోటు రెండు భాగాల నడుమ ఉంది. మొదటి భాగంలో అన్యాయానికి బలైనవాడు రెండో భాగానికి మరొకడి పాలిట అన్యాయమై నిలుస్తాడు. ఈ కథకు గుండెకాయ ఆ మార్పే. అది తెరమీద జరగదు, జరిగిపోయి ఉంటుంది. ఒబెరాయ్ కళ్లలోని బరువును బట్టి మనమే ఊహించుకోవాలి.

ఇది సినిమా, సామాజిక శాస్త్ర పాఠం కాదని కొందరు అనవచ్చు. నిజమే, పాఠం ఎవరూ అడగడం లేదు. కానీ దేశంలో అతి తక్కువ వానలు పడే జిల్లాల్లో ఒకటైన అనంతపురంలో భూమి, నీరు, కాంట్రాక్టులు, పంచాయతీ పెత్తనం ఎవరి చేతిలో ఉంటే బతుకు వారి చేతిలో ఉన్నట్టే. మానవ హక్కుల నేత కె. బాలగోపాల్ సీమ ముఠా కక్షల వెనకున్న ఈ ఆర్థిక, రాజకీయ ఆధిపత్యాన్నే విడమరచి రాశారు. ఆ నేల కనిపించకపోతే పగ అంటే ఎవరి కోపం వాళ్లదే అన్నట్టు మిగులుతుంది. ఇదే వర్మ 1998లో 'సత్య' తీసినప్పుడు సౌరభ్ శుక్లా, అనురాగ్ కశ్యప్‌ల రచన ముంబయి ముఠా మనుషుల ఇల్లు, సంపాదన, స్నేహాలు అన్నీ చూపించింది. భీఖూ మ్హాత్రేగా మనోజ్ బాజ్‌పాయ్‌కి జాతీయ అవార్డు వచ్చింది ప్రతిభ వల్లే. ఆ ప్రతిభ నిలబడేందుకు భార్యతో పోట్లాడే ఒక ఇంటిని రచయితలు ముందే కట్టిపెట్టారు.

ఇంతకన్నా బలమైన వాదన ఇంకొకటి ఉంది. ఫ్యాక్షన్ అంటేనే చావు మీద చావు, సినిమా కూడా అలా ఉండటమే నిజాయితీ కదా అని. నిజ జీవితంలో పరిటాల రవి 2005 జనవరిలో హత్యకు గురయ్యారు. రెండో భాగం విడుదలైన నెలకే, 2011 జనవరిలో, సూరినీ కాల్చి చంపారు. వాస్తవం అంత నిర్దయగా తన్ను తాను తిరగరాసుకుంది. అయితే నిజంలో ఏ చావూ ముందటి చావులాంటిది కాదు. ప్రతిదాని తర్వాతా ఎవరో ఊరు విడుస్తారు, ఎవరో పార్టీ మారతారు, ఒక ఇంటి ఆడవాళ్ల బతుకు తలకిందులవుతుంది. సినిమాలో మాత్రం నెత్తురే పెరుగుతుంది, అర్థం పెరగదు. నందినిగా రాధికా ఆప్టే, భవానిగా ప్రియమణి ఆ నష్టాన్ని మోయగలిగిన నటులే. కథ వాళ్ల వైపు నిలకడగా చూడలేదు. నిజ జీవితంలోని మనుషులతో ముడిపడ్డ కథ కాబట్టి దర్శకుడి చేతులు కట్టేసి ఉంటాయన్నదీ ఒప్పుకోదగ్గదే. కానీ ఆ ఇబ్బంది పేర్లు మార్చడానికి కారణమవుతుంది, కారణాలను వదిలేయడానికి కాదు.

కనుక 'నటన బాగుంది, కథ తడబడింది' అనేసి సరిపెట్టుకోవడం ఆ నటులకే అన్యాయం. రెండేసి భాగాలుగా నేర కథలు తీస్తున్న ఈ రోజుల్లో పేరున్న తారలను ఎంచుకోవడం మీద పెట్టే శ్రద్ధ, ఒక మనిషి ఎలా హంతకుడయ్యాడో మెట్టుమెట్టుగా రాయడం మీదా పెట్టాలి. ప్రేక్షకుడిగా మనమూ గొప్ప నటనకు చప్పట్లు కొట్టాక, ఆ నటుడికి రచయిత ఏం రాసిచ్చాడని అడగాలి. ఆ ప్రశ్న గట్టిగా వినిపించిననాడే నిర్మాత రచనకు సమయం, డబ్బు కేటాయిస్తాడు.