బానెట్ మీద చెయ్యి

విజయవాడ ఆటోనగర్‌లో షెడ్డు పెట్టి ముప్పై ఏళ్లయింది. బండి లోపలికి రాగానే ముందు బానెట్ మీద అరచెయ్యి ఆనిస్తాను. అక్కడ తగిలే వేడి మీరు డబ్బు పోసి కొన్నదే. వంద రూపాయల పెట్రోలు కాలిస్తే బండిని నడిపేది పాతిక రూపాయలదే. తక్కినది చాలావరకు రేడియేటర్లోంచి, సైలెన్సర్లోంచి వేడిగా పోతుంది.

"ఏ బండి కొనమంటారు మేస్త్రీ?" అని అడిగినవాళ్లకు ఈ వేడి లెక్కే చెబుతాను.

పెట్రోలు ఇంజను గాలినీ పెట్రోలునూ కలిపి సుమారు పదింతలు నొక్కి, ప్లగ్గుతో నిప్పంటిస్తుంది. డీజిల్‌కు ఆ ప్లగ్గు లేదు. ఒట్టి గాలిని పదహారింతలు, ఇంకా పైకి నొక్కితే 500 డిగ్రీలు దాటి కాగుతుంది. నాజిల్ డీజిల్‌ను చిమ్మగానే తనంతట తానే అంటుకుంటుంది. అంత గట్టిగా నొక్కుతుంది కాబట్టే ఆ మంటతో ఎక్కువ పని చేయించుకుంటుంది. 1897లో జర్మనీలోని ఆగ్స్‌బర్గ్‌లో రుడాల్ఫ్ డీజిల్ నడిపి చూపించింది ఇదే. లోడు లారీలకు ఇప్పటికీ అదే దిక్కు.

కానీ మసి! ముప్పై ఏళ్లు పీల్చాను, దాన్ని వెనకేసుకు రాలేను. 2020 ఏప్రిల్లో బీఎస్-6 పొగ నిబంధనలు వచ్చాక డీజిల్ కార్లకు మసి ఫిల్టరు వచ్చింది. పట్టిన మసి లోపలే కాలిపోవాలంటే బండి అప్పుడప్పుడూ హైవే మీద కాసేపు ఆగకుండా పోవాలి. పోయిన వేసవిలో ఒక టీచరమ్మగారు డీజిల్ కారు తెచ్చారు. రోజూ ఇంటినుంచి బడికి నాలుగు కిలోమీటర్లు. ఫిల్టరు పూడుకుపోయి పికప్ చచ్చింది. "అమ్మా, మీ తిరుగుడుకు ఇది కొనాల్సిన బండి కాదు" అన్నాను. కొనేటప్పుడు ఎవరూ చెప్పలేదన్నారు. నా బాధ అదే.

బెంజ్ సర్కిల్ దగ్గర బ్రేకు తొక్కిన ప్రతిసారీ మీ వేగం ప్యాడ్ల దగ్గర వేడైపోతుంది. ఇంజనుతో పాటు కరెంటు మోటారూ ఉండే హైబ్రిడ్‌లో ఆ మోటారే డైనమోగా మారి, దాన్ని కరెంటు చేసి బ్యాటరీలో దాస్తుంది. టయోటా ప్రియస్ 1997 నుంచీ చేస్తున్న పని. ఊళ్లో బాగా మిగులుతుంది, హైదరాబాద్ రోడ్డెక్కితే అంత మిగలదు.

ఇక ఎలక్ట్రిక్. లీటరు పెట్రోలులో దాదాపు తొమ్మిది యూనిట్ల శక్తి ఉంటుంది. దానితో కారు పదిహేను కిలోమీటర్లు పోతుందనుకోండి. అదే సైజు ఎలక్ట్రిక్ కారు యూనిట్‌కు ఆరు పోయినా, తొమ్మిదికి యాభై దాటుతుంది. మోటారు దగ్గర అంత వేడి పుట్టదు. మరి వేడి లేదా? ఇబ్రహీంపట్నం థర్మల్ స్టేషన్ దగ్గర ఉంది. బొగ్గులోని శక్తిలో మూడింట రెండొంతులు కరెంటు కాకుండా అక్కడే పోతుంది. అది కూడా కలిపితే ఆ యాభై ఇరవై లోపుకి దిగుతుంది. ఆ స్టేషన్ పొగగొట్టాల కింద బతికేదీ మనుషులే. అయినా నేను ఎలక్ట్రిక్ వైపే మొగ్గుతాను. సోలారు, గాలి కరెంటు పెరిగేకొద్దీ ఇవాళ కొన్న కారే రేపు ఇంకా శుభ్రపడుతుంది. పెట్రోలు బండికి ఆ దారి లేదు.

నా భయం వేరు. ఆ బండ్లలో నారింజ రంగు కేబుళ్లుంటాయి. వాటిలో మూడు, నాలుగు వందల వోల్టులు. చెయ్యి ఆనించి నేర్చుకున్న నా విద్య అక్కడ ప్రాణం తీస్తుంది. పోయిన నెల షెడ్డులో కుర్రాళ్లిద్దరికీ కరెంటు పనికి వాడే రబ్బరు గ్లవ్స్ కొన్నాను. అవి తొడుక్కోనిదే ఆ బండి బానెట్ ఎత్తనివ్వడం లేదు.