నేటాలునకేగిన తెలుగు బోధకుడు

విదేశ మిషనరీ యనగానే ఓడ దిగివచ్చిన దొరగారే పలువురకు తలపునకు వచ్చుచుందురు. 1903వ సంవత్సరమున నెల్లూరుసీమనుండి ఓడనెక్కి పోయిన జాన్ రంగయ్యగారిని గూర్చి మా విద్యార్థు లెరుగవలెనని కోరుచున్నాము.

1860 మొదలు మనవారనేకులు అయిదేండ్ల ఒడంబడికపై దక్షిణాఫ్రికాలోని నేటాలునకు కూలికి పోయి, చెరకు, తేయాకు తోటలలో పాటుపడిరి. వారిలో తెలుగు క్రైస్తవులును గలరు. తమ భాషలో వాక్యము బోధించువారే కరవైరి. అందుకై తెలుగు బాప్తిస్టు సంఘములవారి హోం మిషనరీ సొసైటీ రంగయ్యగారిని పంపెను. ఆయన జూనులో డర్బను చేరి, డిసెంబరునకే కియర్స్‌నీ తేయాకుతోటలో సంఘమును స్థాపించిరి. ఇంత శీఘ్రమెట్లు? భాష నేర్చుకొను పని ఆయనకు లేకుండెను.

ఒక నెల దేశాంతరసేవ చేసి వచ్చువారు నేడును గలరు, వారిని నిందింపము. అయినను వారు వినునది తరచుగా దుబాసి మాటయే. రంగయ్యగారు భార్యాబిడ్డలతో వెళ్లిరి. 1915లో మరణించువరకు ఆ సేవయందే యుండిరి.