జీపుబండికి వెనుకబలము

కొండదారులలోను మట్టిబాటలలోను నడచు జీపుబండికి వెనుకనున్న కమానుకట్టలను, ఇరుసును బలపరచుటను గూర్చి కొన్ని మాటలు మనవి చేయదలచితిని. ఇది మరమ్మతు పనివాండ్ర విషయము, మనకేల యని మీరు తలపవచ్చును. కాని పాడేరు, అరకు ప్రాంతములవంటి చోట్ల సంతకు పోవు స్త్రీలును, బడిపిల్లలును, ఆసుపత్రికి కొనిపోవలసిన రోగులును ఎక్కునది ఇట్టి బండినే. “కట్టకు రెండు పట్టీలు వేయించెదను, ఇంత సొమ్ము కావలెను” అని ఊరి యువకుడు వచ్చి అడుగునది మిమ్ములనే. అప్పుడు మీరతనిని తిరిగి యడుగవలసిన ప్రశ్నలెవ్వియో తెలుపుటయే నా యుద్దేశము. ఎద్దుబండి ఇరుసును, కందెనను, చీలను ఎరిగినవారికి ఇందులో కొత్త తక్కువ.

మొదట బండి పుట్టుకను చూతము. జీపు యుద్ధములో పుట్టినది. 1940లో అమెరికా సైన్యము కోరగా బాంటమ్ కంపెనీవారు తొలిరూపమును నిర్మించిరి. తరువాత విల్లీస్, ఫోర్డు కంపెనీలవారు 1945 వరకు ఆరు లక్షలకు పైగా బండ్లను చేసిరి. సైన్యపు లెక్కలలో దానికి పావుటన్ను ట్రక్కు అని పేరు. ముందు ఇరుసునకు వెనుక ఇరుసునకు నడుమ దూరము 80 అంగుళములు మాత్రమే. మన దేశములో 1940ల చివరినుండి మహీంద్రా కంపెనీవారు ఆ వంశపు బండ్లను కూర్చుచు వచ్చిరి. తరువాతి బండ్లు పొడవునను బలమునను పెరిగినవి. అయినను వెనుక రెండు కమానుకట్టలు, ఒక గట్టి ఇరుసు అను కట్టుబాటు చాలకాలము మారలేదు. 2010లో వచ్చిన థార్ బండికి సైతము వెనుక కమానుకట్టలే యుండెను. 2020 నాటి థార్ బండికి వాని స్థానమున చుట్టస్ప్రింగులు వచ్చినవి. కావున మన దారులలో నేటికిని తిరుగుచున్న పాత జీపుల బాగోగులు ఈ రెండు వస్తువులమీదనే, అనగా కమానుకట్టమీదను ఇరుసుమీదను, ఆధారపడియున్నవి.

కమానుకట్ట యేమి చేయును? ఎద్దుబండిలో బరువు నేరుగా ఇరుసుమీద కూర్చుండును. చక్రము రాతిపై నెక్కినచో ఆ దెబ్బ బండివానికి తప్పదు. గుఱ్ఱపుబగ్గీల కాలములో, 1804లో, ఒబడయా ఇలియట్ అను ఇంగ్లీషువాడు బగ్గీకిని ఇరుసునకును నడుమ వంగిన ఉక్కుపట్టీల కట్టను అమర్చు పద్ధతికి హక్కుపత్రము పొందెను. నేటి కమానుకట్ట దాని సంతతియే. పొడవైన పట్టీ పైన, దానికంటె పొట్టివి వరుసగా క్రింద, అన్నిటిని నడుమ నొక బోల్టు కూర్చును. ఆ కట్టను ఇరుసునకు బిగించునవి యూ బోల్టులు. చక్రము రాతిపై నెక్కినపుడు పట్టీలు వంగి దెబ్బను మింగును. మరల సాగునపుడు ఒకదానిపై నొకటి రాచుకొని ఊపును కొంత తగ్గించును. మిగిలిన ఊపును అణచునది షాక్ అబ్జార్బరు.

ఇక్కడ ఒక చిన్న లెక్క. ఒకే మందము గల ఐదు పట్టీలున్న కట్టకు అట్టిదే మరియొక పట్టీ చేర్చినచో కట్ట బిరుసు ఐదవవంతు, అనగా నూటికి 20 పాళ్లు, పెరుగును. ఇది తెలిసిన మాటయే. కాని పట్టీల సంఖ్యను మార్చక మందము పెంచినచో ఏమగును? మందము రెండింతలైనచో బిరుసు రెండింతలు గాదు, ఎనిమిదింతలగును. 6 మిల్లీమీటర్ల పట్టీలకు బదులు 7 మిల్లీమీటర్ల పట్టీలు వేసినచో బిరుసు ఒకటిన్నర రెట్లకు మించిపోవును. కావున “కొంచెము మందముగల పట్టీలు వేసితిమి” అని పనివాడు చెప్పిన మాటలో ఆ కొంచెమెంతయో అడిగి తెలిసికొనవలెను. పాత లారీకట్టనుండి తీసిన పట్టీలను జీపుకట్టలో దూర్చుట కొన్నిచోట్ల కలదు. ఆ పట్టీల వంపు వేరు, మందము వేరు. అట్టి పట్టీ తక్కిన పట్టీలతో కలిసి పనిచేయక, బరువునంతయు తానే మోసి విరుగును, లేదా మోయక ఊరకుండును.

బిరుసు పెరిగిన మేలేగదా యని యందురేమో. కాదు. కట్ట మితిమీరి బిరుసైనచో ఖాళీబండి చక్రము గతుకులపై ఎగిరెగిరి పడును. ఎగిరిన చక్రము నేలను పట్టదు. నేలను పట్టని చక్రమునకు లాగుబలమును లేదు, బ్రేకును లేదు. కట్ట మింగవలసిన దెబ్బ అప్పుడు చాసిసు చట్రమునకు పోవును. కట్టను చట్రమునకు తగిలించిన కొక్కెములచోట బీటలు పుట్టును. దీనికి మంచి ఉపాయము సహాయపు పట్టీ. కట్ట అడుగున దాదాపు తిన్నగానుండు ఒకటి రెండు పట్టీలను కొంత ఎడము విడిచి అమర్చుదురు. బండి ఖాళీగానున్నపుడు అవి పనికి రావు. బరువెక్కి పైపట్టీలు దిగినపుడు మాత్రము తగిలి ఆనుకొనును. ఖాళీకి మెత్తన, బరువునకు గట్టి. దినమున కొకపూట ఖాళీగా, ఒకపూట నిండుగా తిరుగు బండికి ఇదియే తగినది.

కొందరు కట్టను ఇరుసు క్రిందినుండి తీసి ఇరుసుపై నెక్కించి బండిని ఎత్తు చేయింతురు. రాళ్లకు తగులదు, వాగు దాటును, నిజమే. కాని బండి ఎత్తుతోపాటు దాని బరువుకేంద్రమును పైకి పోవును. గడ్డి మితిమీరి పేర్చిన బండి ఏటవాలు గట్టుపై ఏమగునో మీకు నేను చెప్పనక్కరలేదు. అంతియే కాదు. యంత్రమునుండి వెనుక ఇరుసునకు శక్తి తెచ్చు పొడవాటి కడ్డీ వాలు మారి, దాని కీళ్లు త్వరగా అరుగును. పాత బ్రేకుగొట్టములు, షాక్ అబ్జార్బరులు పొడవు చాలక లాగబడును. ఎత్తు పెంచుట యొక పని కాదు, నాలుగైదు పనులని తెలిసికొనవలెను.

ఇక ఇరుసు. మన ఎద్దుబండి ఇరుసు తిరుగదు. దానిపై చక్రము తిరుగును, చీల చక్రమును జారనీయదు. లాగుట ఎద్దుల పని, మోయుట ఇరుసు పని. జీపు వెనుక ఇరుసులో ఈ రెండు పనులును ఒకేచోట జరుగును. పైకి కనబడు ఉక్కుగొట్టములో ఇరువైపుల రెండు తిరుగుడు కడ్డీలుండును; నడుమ ఉబ్బిన గుండులోని పండ్లచక్రములు ఆ కడ్డీలను త్రిప్పును. యుద్ధకాలపు జీపులో మొదటి గేరునను తక్కువ వేగపు మీటనువేసి ఎక్కినపుడు, యంత్రపు మెలితిప్పు సుమారు 25 రెట్లు పెరిగి ఇరుసులను చేరుచుండెను. ఆ కడ్డీల పని యెంత కఠినమో దీనిచే గ్రహింపవచ్చును.

ఈ ఇరుసులలో రెండు జాతులు కలవు. మొదటిదానిలో చక్రపు నాభి రెండు బేరింగులపై గొట్టముమీదనే కూర్చుండును. లోపలి కడ్డీ బరువు మోయదు, త్రిప్పును. ఇది మన ఎద్దుబండి ధర్మమే: గొట్టము ఇరుసు, కడ్డీ ఎద్దు. ఎద్దు కూలబడినను బండి కూలదు. కడ్డీ విరిగినను చక్రము ఊడదు. ఇంగ్లీషువారు దీనిని ఫుల్ ఫ్లోటింగ్ అందురు. లారీల వెనుక ఇరుసులు సాధారణముగా ఇట్టివే. రెండవది సెమీ ఫ్లోటింగ్. దీనిలో చక్రము కడ్డీ కొనకే బిగించియుండును. ఒకే కడ్డీ మోయవలెను, త్రిప్పవలెను. ఎద్దుపనియు దానిదే, ఇరుసుపనియు దానిదే. అది చక్రముచెంత విరిగినచో చక్రము బండిని విడిచిపోవచ్చును. తేలికయు చౌకయు గనుక చిన్నబండ్లకు తరచుగా దీనినే వాడుదురు. తగిన బరువునకు ఇది చక్కగా చాలును. తగని బరువునకు చాలదు.

కడ్డీ లావు విషయములోను పైవంటి లెక్కయే కలదు. మెలితిప్పును తట్టుకొను బలము కడ్డీ అడ్డుకొలతతో మూడింతల వేగమున పెరుగును. ఒక అంగుళపు కడ్డీకి బదులు అదే ఉక్కుతో అంగుళముంబావు కడ్డీ వేసినచో బలము ఇంచుమించు రెండింతలగును. కాని కడ్డీతోపాటు దాని పండ్లకు సరిపడు గుండును, బేరింగులును ఉండవలెను. కావున ఇరుసు మార్చదలచినవారు ముక్కలుగా గాక, తయారీదారు ఆ బండికే చేసిన ఇరుసును మొత్తముగా, సరియైన పండ్ల నిష్పత్తితో మార్చుట మేలు. నాలుగు చక్రములు లాగు బండిలో ముందు ఇరుసు నిష్పత్తియు వెనుకదియు ఒకటి కాకున్నచో, గట్టిదారిపై రెండును ఒకదానితో నొకటి పెనగులాడి పండ్లు విరుగును.

అన్నిటికంటె ముఖ్యమైన సంగతి ఇది. బరువు ఒక గొలుసువంటిది. మనుష్యులనుండి చట్రమునకు, చట్రమునుండి కొక్కెములకు, కొక్కెములనుండి కట్టకు, కట్టనుండి ఇరుసునకు, ఇరుసునుండి బేరింగులకు, టైరులకు, నేలకు దిగును. ఒక లంకెను లావు చేసినంతమాత్రమున గొలుసు బలపడదు, తెగుచోటు మారును. కట్టకు పట్టీలు చేర్చగానే బండి దిగబడక నిటారుగా నిలుచును. యజమాని మురిసి మరి నలుగురిని ఎక్కించును. మునుపు బరువు మించినదని దిగబడి చెప్పుచుండిన కట్ట ఇప్పుడు నోరు మూసికొనును. ఆ బరువు ఇరుసును చేరును. ఒక కొండదారి జీపును నేను పరీక్షింపగా, దానికి ఇరువైపుల రెండేసి పట్టీలు చేర్చియుండిరి. వెనుక టైరులు లోపలి అంచున మాత్రము అరిగియుండెను. టైరులు నాసివని యజమాని విచారించుచుండెను. కొలిచి చూడగా ఇరుసుగొట్టము కొనలు పైకి వంగి, చక్రముల తలలు లోపలికి వాలినట్లు తేలెను. కట్ట మోయగలిగినది, ఇరుసు మోయలేకపోయినది.

బరువు ఎంతయో కాదు, ఎక్కడనో గూడ చూడవలెను. వెనుక బరువైన బండికి కాడి ఎద్దుల మెడపైనుండి లేచునుగదా. జీపులో నదియే న్యాయము. ఇరుసుల నడుమ 80 అంగుళములున్న బండిలో వెనుక ఇరుసునకు 20 అంగుళములు వెనుకగా 100 కిలోల బరువు వ్రేలాడినచో, వెనుక ఇరుసుపై 125 కిలోలు పడును. ముందు ఇరుసుపైనుండి 25 కిలోలు తగ్గును. వెనుకమెట్టుపై ముగ్గురు నలుగురు నిలుచుండిన బండి కొండయెక్కునపుడు ఈ లెక్క ఇంకను చెడును. ముందుచక్రములు తేలికపడి, త్రిప్పిన వైపునకు తిరుగవు. దీనికి ఏ కమానుపట్టీయు మందు కాదు. మెట్టుపై నెవ్వరిని నిలువనీయకుండుటయే మందు.

చట్టము సంగతియు చెప్పవలెను. 1988 నాటి మోటారు వాహనముల చట్టము 52వ సెక్షను ప్రకారము, తయారీదారు నిర్ణయించి రిజిస్ట్రేషను పత్రములో చేరిన వివరములకు భిన్నమగునట్లు బండిని మార్చరాదు. 2019లో సుప్రీముకోర్టువారును ఈ నియమమును గట్టిగా నిలిపిరి. అరిగిన పట్టీలకు బదులు అదే కొలత పట్టీలు వేయుట మరమ్మతు. బండి ఆకారమును ఎత్తును మార్చుట వేరు. సందేహమున్నచో పని చేయించుటకు ముందే రవాణా కార్యాలయమున విచారించుట మంచిది. ప్రమాదము జరిగిన పిదప విచారించిన ఫలము లేదు.

కావున యువకుడు సొమ్ము కోరివచ్చినపుడు ఈ ప్రశ్నలు వేయుడు. బండి పత్రములో వ్రాసిన బరువెంత, నీవు మోయుచున్నదెంత? పాత కట్ట అలసి దిగినదా, లేక బరువే మించినదా? ఇరుసు ఏ జాతిది, బేరింగు ఎప్పుడు మార్చితివి? బ్రేకులు ఆ బరువును దిగుడులో ఆపగలవా? ఈ నాలుగింటికి జవాబు దొరకిన పిదపనే కట్ట మాట. సొమ్ము కొంచెమైనచో ముందు బ్రేకులకు, తరువాత బేరింగులకు, బుష్షులకు, ఆ పిదప కట్టలకు వెచ్చించుట వివేకము.

పని ముగిసినపిదపను కొన్ని జాగ్రత్తలు కలవు. కట్ట విప్పినపుడు పాత యూ బోల్టులను మరల వాడరాదు. అవి ఒకసారి సాగినవి. కొత్తవియును కొన్ని వందల కిలోమీటర్లు నడచిన పిదప తిరిగి బిగింపవలెను. కట్ట నడిమి బోల్టు తెగినచో ఇరుసు ప్రక్కకు జరిగి, బండి నడక వంకరగును. వెనుకనుండి చూచిన కంటికే తెలియును. దూరము నడచి ఆగినపుడు చక్రపు నాభిదగ్గర చేయి చేర్చి చూచుట మంచి యలవాటు. ఒక చక్రము తక్కినవానికంటె మిక్కిలి వేడిగానున్నచో, బేరింగో బ్రేకో మొరపెట్టుకొనుచున్నదని యర్థము. చక్రము లోపలివైపు నూనె కారిన జాడ కనబడినను అంతే. ఆ నూనె బ్రేకుపై బడినచో బండి ఆగదు. ఎద్దుబండికి కందెన పెట్టనిదే కాడి కట్టని మన పెద్దల అలవాటు ఈ బండికిని చెల్లును.

జీపు మొండిబండి యని పేరు పొందినది. ఆ మొండితనము దాని కొలతలో నున్నది. కొలత దాటిన పిమ్మట ఏ ఉక్కుకును మొండితనము లేదు. కొలత యెంతయో తెలిసికొని, గొలుసులోని ప్రతి లంకెను దానికి సరిచూచి, అప్పుడు బలము చేర్చినచో ఆ సొమ్ము వృథా కాదు, ఎక్కినవారు క్షేమముగా ఇల్లు చేరుదురు.