రేటు సరుకుది, పద్దు రాష్ట్రానిది: జీఎస్టీ బిల్లింగ్‌లో అపోహలు, వాస్తవాలు

తాడేపల్లిగూడెంలో థర్మాకోల్ పెట్టెలు చేసేవారు, కైకలూరులో ఐస్ ఫ్యాక్టరీ నడిపేవారు, ఏలూరులో సిమెంట్ అమ్మేవారు... అందరూ ఇప్పుడు బిల్లు కంప్యూటర్‌లోనే కొడుతున్నారు. ఆ బిల్లు వెనక ఉండే డేటాబేస్‌ను మాత్రం ఒకసారి ఎవరిచేతనో చేయించుకుని మళ్లీ ముట్టుకోరు. అందులో పాతుకుపోయిన పొరపాట్లు రిటర్ను వేసే రోజున బయటపడతాయి.

అపోహ: పార్టీ ఊరిని బట్టి పన్ను రేటు మారుతుంది.

వాస్తవం: మారదు. అమెరికాలో మారుతుంది. టెక్సాస్‌లో రాష్ట్ర అమ్మకపు పన్ను 6.25 శాతం, దానిమీద స్థానిక సంస్థలు 2 శాతం దాకా వేసుకోవచ్చు. అక్కడి అవసరానికి చేసిన సాఫ్ట్‌వేర్‌లో ఊరికో రేటు పట్టిక ఉంటుంది. మనకు వ్యాట్, సీఎస్టీ రోజుల్లో పక్క రాష్ట్రం అమ్మకానికి వేరే లెక్క ఉండేది కనుక ఆ అలవాటూ పోలేదు. 2017 జులై 1న జీఎస్టీ వచ్చాక రేటు సరుకును, తేదీని బట్టే. థర్మాకోల్ పెట్టెకు 18 శాతం అంటే ఆకివీడుకైనా అస్సాంకైనా 18 శాతమే. రాష్ట్రంలోపలైతే సీజీఎస్టీ 9, ఎస్‌జీఎస్టీ 9. బయటికైతే ఐజీఎస్టీ 18. ఊరికో రేటు పెట్టిన టేబుల్ మీ దగ్గరుంటే తీసేయండి.

అపోహ: దగ్గరి ఊరైతే లోకల్ బిల్లే.

వాస్తవం: చింతలపూడి దాటగానే వచ్చే సత్తుపల్లి తెలంగాణ, కోడ్ 36. అక్కడికి ఐజీఎస్టీ. రాష్ట్రం ఆ చివరన ఉన్న ఇచ్ఛాపురానికి సీజీఎస్టీ, ఎస్‌జీఎస్టీ. ఇక జిల్లాకు ఈ లెక్కలో పాత్రే లేదు. 2022 ఏప్రిల్ 4న కైకలూరు కృష్ణా నుంచి ఏలూరు జిల్లాకు వచ్చినా పన్నులో పైసా మారలేదు.

అపోహ: పిన్ కోడ్ కొడితే రాష్ట్రం అదే తెలుస్తుంది.

నేను ఎక్కువ భయపడేది దీనికే. యానాం పిన్ 533464. తూర్పుగోదావరి పిన్‌లూ 533తోనే మొదలవుతాయి కాబట్టి మొదటి మూడంకెలు చూసే ప్రోగ్రాం యానాం పార్టీని ఆంధ్రలో వేసేస్తుంది. కానీ యానాం పుదుచ్చేరిది, కోడ్ 34. బిల్లు ఐజీఎస్టీ కావాలి. పాత చిరునామాలదీ ఇదే గొడవ. ఖమ్మం జిల్లా కుక్కునూరు, వేలేరుపాడు మండలాలు 2014లో ఆంధ్రప్రదేశ్‌లో కలిశాయి. జాబితాలో ఇంకా ‘ఖమ్మం జిల్లా’ అని ఉంటే తప్పు తిరగబడుతుంది: ఆంధ్ర పార్టీకి ఐజీఎస్టీ పడుతుంది. రాష్ట్ర కోడ్‌కు విడిగా కాలమ్ పెట్టి, జీఎస్టీ నంబరున్న పార్టీకి ఆ నంబరు మొదటి రెండంకెలతో సరిచూడండి. రిజిస్ట్రేషన్ లేని పార్టీకి, 2023 అక్టోబరు 1 నుంచి, బిల్లులో రాసిన చిరునామాయే లెక్క. చిరునామా రాయకపోతే అమ్మినవారి చోటు.

అపోహ: లారీ రాష్ట్రం దాటకపోతే ఐజీఎస్టీ రాదు.

హైదరాబాద్ హోల్‌సేలర్ ఆర్డరిచ్చి, పెట్టెలు ఆకివీడులో తన పార్టీకి దింపమన్నాడనుకోండి. సరుకు తాడేపల్లిగూడెం నుంచి ఆకివీడుకే వెళ్లినా, చట్టం చూసేది ఆర్డరిచ్చినవారి వ్యాపార స్థలాన్ని. కనుక ఐజీఎస్టీ. బిల్లు ఎవరికి, సరుకు ఎక్కడికి, సరఫరా స్థలం ఏది అనే మూడూ వేర్వేరు కాలమ్‌లుగా ఉండాలి.

ఒక పద్దులో కట్టాల్సింది ఇంకో పద్దులో, అంటే ఐజీఎస్టీ బదులు సీజీఎస్టీ, ఎస్‌జీఎస్టీగానో, అటుదిటుగానో కడితే ఏమవుతుంది? సరైన పద్దులో మళ్లీ కట్టాలి, ముందు కట్టింది రిఫండ్ అడగాలి. వడ్డీ పడదు గానీ, రిఫండ్ వచ్చేదాకా చిన్న వ్యాపారి డబ్బు ఇరుక్కుపోతుంది.

అపోహ: చేపకు పన్ను లేదు, రేటు కాలమ్ ఖాళీగా వదిలేయొచ్చు.

వాస్తవం: కొల్లేరు నుంచి ఐసులో హౌరా వెళ్లే తాజా చేపకు మినహాయింపు నిజమే. కానీ ఐస్ ఫ్యాక్టరీ అమ్మే ఐసుకు 5 శాతం ఉంది. ఖాళీ అంటే ‘ఎవరూ నింపలేదు’ అని అర్థం, మినహాయింపు అని కాదు. ఎగుమతి రొయ్యల బిల్లు జీరో రేటెడ్. అందులో ముందు కట్టిన పన్ను వెనక్కి అడగొచ్చు. మినహాయింపు సరుకును దేశంలో అమ్మితే ఆ హక్కు లేదు. రెండింటిలోనూ సున్నా కనబడుతుంది కనుక, పన్ను రకానికి వేరే కాలమ్ తప్పనిసరి.

అపోహ: రేటు మారితే ఐటమ్ మాస్టర్‌లో దిద్దితే సరి.

వాస్తవం: 2025 సెప్టెంబరు 22న సిమెంట్ 28 నుంచి 18 శాతానికి దిగింది. మాస్టర్‌లో 28ని చెరిపి 18 వేసినవారికి, ఆ ఆగస్టులో రూ. 3,000 సిమెంట్ కొన్న పార్టీ రేటు మారాక వాపసు తెస్తే క్రెడిట్ నోట్‌లో పన్ను రూ. 540 వస్తుంది. అప్పుడు వసూలు చేసింది రూ. 840. ఆ రూ. 300 తేడాకు సమాధానం చెప్పాల్సింది మీరే. రేటు పక్కన ‘ఎప్పటినుంచి, ఎప్పటివరకు’ తేదీలు ఉండాలి. బిల్లు కొట్టిన క్షణంలో రేటు, పన్ను మొత్తం, రాష్ట్ర కోడ్ ఆ బిల్లు వరుసలోనే నిలిచిపోవాలి. మాస్టర్‌లో తర్వాత ఏం మారినా పాత బిల్లు కదలకూడదు.

నెలవారీ జీఎస్‌టీఆర్-1కు గడువు 11వ తేదీ. ఈసారి దానికి ముందే మీ కంప్యూటర్‌లో యానానికి ఒకటి, సత్తుపల్లికి ఒకటి, ఆకివీడుకు ఒకటి నమూనా బిల్లులు కొట్టించి, మీ ఆడిటర్ గారికి చూపించండి.